బోర్లించిన రాయి

ఫెలీసాని చంపింది ఆమె చెల్లెలు బెర్తా. కత్తి పట్టలేదు, విషం పెట్టలేదు. ఒక సంతకం పెట్టకుండా చంపింది. ఆ పూచీ సంతకం పడి ఉంటే ఫెలీసా హవాయిలో తండ్రి దగ్గరికి వెళ్ళేది, అక్కడి ఆసుపత్రిలో ఆమె మూత్రపిండాలకు వైద్యం జరిగేది, ఇవాళ బతికి ఉండేది. బల్దొమేరో పగ్దిలావ్ ఈ సంగతి ఎవరితోనూ వాదించడు. వాన పడింది, వెల్లుల్లి తవ్వాం అన్నట్టు చెప్తాడు, అంతే.

ఆ బెర్తా మొన్న విమానం దిగింది. అక్క పోయి ఏడాది నిండింది, నల్లబట్ట విప్పే రోజుకు ఉండాలని వచ్చానంది. వస్తూ లవాగ్ పట్నంలో చెక్కించిన పాలరాయి ఒకటి బండి మీద వేయించుకొచ్చింది. రాయి మీద ‘ఫెలీసా మదంబా’ అని ఉంది. పుట్టింటి పేరు. పాతికేళ్ళ పైన కాపురం చేసిన మనిషికి పుట్టింటి పేరు. బల్దొమేరో బండికి అడ్డం నిలబడ్డాడు. ఈ రాయి నా పెళ్ళాం మీద పడదన్నాడు. పెరట్లో నలుగురూ వింటుండగా బెర్తా, "కాగితం ప్రకారం అక్కకి పెళ్ళే కాలేదు కదా బావా" అంది. పోయిన వారం సంచికలో వాళ్ళను మనం ఆ మాట దగ్గరే నిలబెట్టి వచ్చాం.

ఆ మాట అబద్ధం కాదు. అబద్ధమైతే అతను నవ్వి ఊరుకునేవాడు.

అమెరికావాడు ఏటా పంచే వీసాలు ఇన్నే అని ముందే గీసిపెట్టుకుంటాడు. వాటిని రెండు రాశులు పోస్తాడు. ఒకటి రక్తసంబంధానికి, ఒకటి పనికి. రక్తసంబంధం రాశిని మళ్ళీ వాటాలేస్తాడు. పౌరుల పిల్లలకి ఇంత, పచ్చకార్డువాళ్ళ పిల్లలకి ఇంత, తోబుట్టువులకి ఇంత. ఒక్కో దేశానికి ఇంతకు మించి లేదని వాటి మీద ఇంకో గీత. నెలనెలా ఒక తేదీ చెప్తాడు. ఎప్పుడో ఏళ్ళ కిందట మనం దరఖాస్తు పడేసిన రోజు ఆ తేదీకి అందితే మన వంతు వచ్చినట్టు. ఒక్కోసారి తేదీ ముందుకు జరగదు. ఒక్కోసారి వెనక్కి నడుస్తుంది. మా వైపు మనుషులు ఎదురుపడితే అన్నం తిన్నావా అని అడగరు, నీ తేదీ ఎక్కడిదాకా వచ్చింది అని అడుగుతారు.

ఫెలీసా తండ్రి సిప్రియానో చిన్నప్పుడే హవాయి చెరకు తోటలకు పోయాడు. పచ్చకార్డు సంపాదించాడు కానీ పౌరుడు కాలేదు. ఇంకో జెండాకి చెయ్యెత్తనన్నాడు. అలాంటి తండ్రి పెద్దకూతుర్ని పిలిపించుకోవచ్చు. అయితే ఆమెకు పెళ్ళి కాకూడదు. పెళ్ళయిందా, వరసలో వెనక్కి పంపరు, పేరే కొట్టేస్తారు. అందుకని ఫెలీసా, బల్దొమేరో తాటాకులు నేసిన ఒకే కప్పు కింద ఉండి కూడా మున్సిపల్ ఆఫీసు మెట్టెక్కలేదు. కూతురు మేలిన్ పుడితే తల్లి ఇంటిపేరే రాయించారు. తండ్రి అన్న చోట గీత గీశారు. ఆ ఊరి రికార్డుల్లో తనదని బల్దొమేరో పేరు ఉన్నది ఒక్క గేదెకే. పశువుల రిజిస్టర్లో, కొమ్ముల వంపుతో, మెడ మీది సుడితో సహా.

బెర్తా కథ వేరు. ఆమె నర్సు చదివింది. అక్కడి ఆసుపత్రికి నర్సులు కావలసొచ్చారు. పని రాశిలోంచి ఆమెకు వీసా తొందరగా వచ్చింది, మొగుడికీ పిల్లాడికీ కూడా ఇచ్చారు. పని కోసం పోయే ఆడది మొగుణ్ణి వెంటబెట్టుకు పోవచ్చు. తండ్రి కోసం పోయే ఆడదానికి మొగుడు ఉండకూడదు. ఇది ఎవడు రాశాడో బల్దొమేరోకి తెలియదు. రాసినవాడికి ఆలి ఉండి ఉండదనుకున్నాడు.

పదకొండేళ్ళకు ఫెలీసా తేదీ వచ్చింది. మనిలాలో అమెరికావాడి వీసా ఆఫీసుకి వెళ్ళింది. తిరిగొచ్చి చెప్పింది, బెర్తా పూచీ సంతకం పెట్టలేదట, నాన్న సంపాదన ఒక్కటీ చాలదన్నారట. గుమ్మంలో నిలబడి అంతే చెప్పి, చెప్పులు విడిచి, బియ్యం కడగడానికి పోయింది. ఆ రోజు నుంచీ బల్దొమేరో బెర్తా పేరు పలకలేదు. పిలుపు ఇంకా బతికే ఉందనుకుని పెళ్ళి కూడా రాయించుకోలేదు.

*

తెల్లవారి మొదటి ఎండకు అందరూ రేవులో ఉన్నారు. నల్లబట్ట విప్పేముందు తల కడగాలి. వరిగడ్డి కాల్చి, ఆ బూడిద కలిపిన నీళ్ళు కుండలో పెట్టారు. పక్కన అరిటాకులో ఫెలీసా వాటా. అన్నం, ఉడికిన గుడ్డు, ఒక బెల్లపు రొట్టె, కొబ్బరిచిప్పలో చెరకు సారా. ఇలాంటివి దగ్గరుండి చేయించేది బసిలిసా పెద్దమ్మ. ఊళ్ళో అందరికంటే ముసలిది. అడ్డపొగ కాలుస్తుంది, నిప్పు నోట్లో పెట్టుకునే మాట్లాడుతుంది.

"ఊఁ, మొగుణ్ణి ముందు కూచోబెట్టండి. చచ్చినదాని తోడబుట్టింది నీళ్ళు పొయ్యాలి. బెర్తా, రావే."

"దాని చెయ్యి నా నెత్తిన పడకూడదు," అన్నాడు బల్దొమేరో. "పడితే ఉన్న జుట్టూ ఊడుతుంది."

"ఊడటానికి అక్కడ ఏముంది బావా," అంది బెర్తా.

గట్టు మీద ఆడవాళ్ళు నవ్వారు. మేలిన్ కూడా నవ్వబోయి తండ్రి మొహం చూసి ఆగిపోయింది. ఆ పిల్లా నర్సే. ఆమె వంతూ వచ్చింది. గురువారం మనిలాలో పిలుపు.

"పెద్దమ్మా, నేను మొగుణ్ణి కాను కదా," అన్నాడు బల్దొమేరో. "అమెరికా నర్సమ్మ నిన్న చెప్పింది, విన్లేదా? నేను పక్కింటివాణ్ణి. పక్కింటివాడికి తలంటు ఏమిటి?"

"వినబడలేదురా. నా చెవులు పోయి పదేళ్ళయింది. కూచో."

"కూచోను."

బెర్తా కుండ దగ్గరికి వచ్చి నిలబడింది. పాంటు మోకాళ్ళదాకా మడిచింది. వయసు ఆమెను కూడా వదల్లేదు. మెడ దగ్గర ఫెలీసాకి ఉన్నట్టే ముడతలు. అది చూడ్డం ఇష్టం లేక బల్దొమేరో నీళ్ళకేసి తిరిగాడు.

"ఆ మాట నీ మీద కోపంతో అన్లేదు బావా. సమాధుల తోట వాళ్ళు చావు కాగితంలో ఉన్న పేరే చెక్కనిస్తారు. అందులో అక్క మదంబా. నేనేం చెయ్యను? నాన్న మంచంలో పడ్డాడు. పోయేలోగా కూతురి రాయి ఫోటో చూపించమన్నాడు. అంతకంటే నాకేం లేదు."

"మీ నాన్నకి చూపించడానికి నా ఆలి కావాలా."

"ఆలి అని రాయించుకున్నావా నువ్వు?"

"ఎవరి కోసం రాయించుకోలేదే? నాకేమన్నా పెళ్ళంటే చేదా? మీ నాన్న పిలుపు చెడకూడదని. పదకొండేళ్ళు దాన్ని ఊరు ఉంపుడుగత్తె అంది. పండక్కి చర్చిలో ముందు బల్ల మీద కూచోనివ్వలేదు. అన్నీ పడ్డాం. చివరికి నీ సంతకం ఒక్కటి కావాల్సొచ్చింది. అప్పుడు సంతకం పెట్టని చెయ్యి ఇప్పుడు రాయి చెక్కించింది. ఎంత ప్రేమే!"

బెర్తా కుండలో చెయ్యి పెట్టి బూడిద కలుపుతూ ఉంది.

"మాట్లాడవేం? మీ ఆసుపత్రిలో నోరు కూడా కోసేశారా?"

"పెట్టాను," అంది బెర్తా.

"ఏంటి?"

"సంతకం. పెట్టాను. నాదీ పెట్టాను, మా ఆయనదీ పెట్టించాను. చాలకపోతే అని మా ఆసుపత్రి పెద్ద నర్సు చేత కూడా పెట్టించాను. అక్క వీసా పోయింది సంతకం లేక కాదు."

బసిలిసా పెద్దమ్మ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. చెవులు పోయాయన్న మనిషి ఒక్క అడుగు దగ్గరికి జరిగింది.

"అబద్ధం," అన్నాడు బల్దొమేరో. "ఫెలీసా నాతో చెప్పింది."

"నేనే చెప్పమన్నాను."

మేలిన్ వచ్చి పిన్ని భుజం పట్టుకుంది. "వద్దు పిన్నీ. ఇవాళ గొడవ వద్దు."

"ఇవాళ కాకపోతే ఇంకెప్పుడే. మళ్ళీ విమానం ఎక్కి వచ్చే వయసా నాది? ఏడాది నుంచీ చూస్తున్నా. అది పోయింది, ఇంక ఎవరి కోసం మొయ్యాలి?" బెర్తా బావకేసి తిరిగింది. "ఆ రోజు మనిలా నుంచి ఫోన్ చేసింది బావా. బస్టాండు దగ్గర బూత్ నుంచి. గొంతు వినగానే ఏడుస్తుందనుకున్నా. నవ్వుతోంది. పిచ్చిదానిలా నవ్వుతోంది. ‘బెర్తా, కుడిచెయ్యి ఎత్తమన్నాడే’ అంది. ‘ఎత్తాను. పెళ్ళయిందా అన్నాడు. కాలేదు అని అందామనే నోరు తెరిచాను. ఈ చెయ్యే కదే ఆ రోజు ఫాదర్ అంతోన్ ముందు ఆయన చేతిలో పెట్టాను, అనిపించింది. అయింది బాబూ అన్నాను’ అంది."

"ఫాదర్ అంతోన్ ఎవరు?" అంది మేలిన్. "పెళ్ళేమిటి? నాన్నా, ఏ పెళ్ళి?"

దానికి తెలియదు. ఎవరికీ తెలియదు. అది కడుపులో ఉండగా, ఏరవతల ఊళ్ళో, చర్చి వెనక గదిలో. ఫాదర్ అంతోన్‌కి అప్పటికే కళ్ళు సరిగా కనపడవు. పుట్టే బిడ్డకి పాపం అంటకూడదని ఫెలీసా కాళ్ళావేళ్ళా పడితే ఒప్పుకున్నాడు. పుస్తకంలో రాయనన్నాడు. వాళ్ళకి కావలసిందీ అదే. పుస్తకంలో ఎక్కకపోతే ప్రభుత్వానికి పెళ్ళి కాదు, దేవుడికి మాత్రం పెళ్ళే. ఇది మా వైపు అందరూ వేసుకునే లెక్క. దేవుడికి ఒక జవాబు, కిటికీ అవతల దొరకి ఒక జవాబు. రెండు జవాబులూ ఎప్పటికీ ఒకచోట కలవవని మావాళ్ళ నమ్మకం. ఆ గదిలో కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది బెర్తాయే. అప్పటికి ఇంకా నర్సు చదువుతోంది. మైనం వేళ్ళ మీద కారినా కదల్లేదు.

బల్దొమేరో గడ్డి మీద కూచున్నాడు.

అతను ఆమెకు నేర్పాడు. అదే ఇప్పుడు గుర్తొస్తోంది. తేదీ దగ్గర పడ్డాక, ఇద్దరూ వెల్లుల్లి జడలు అల్లుతూ కూచున్నప్పుడల్లా ఉన్నట్టుండి అడిగేవాడు. "పెళ్ళయిందా?" ఆమె తల ఎత్తకుండా, "లేదండీ" అనేది. "మొగుడెవరు?" "లేడండీ." "ఈ పిల్ల ఎవరి పిల్ల?" "నా పిల్లండీ." ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్ళు. ఆమె ఎంత బాగా చెప్పేదంటే ఒకరోజు అతనికే కోపం వచ్చింది. మరీ అంత గట్టిగా లేడనకు అన్నాడు.

"కిటికీ అవతల కూచున్న ఆ కుర్రాడు మంచివాడేనట," బెర్తా చెప్తోంది. "రెండోసారి అడిగాడట. కాగితంలో లేదు కదమ్మా, బాగా ఆలోచించుకుని చెప్పు అన్నాడట. మళ్ళీ అయింది అందట. మొగుడి పేరడిగాడట. చెప్పిందట. ఇంటిపేరు వాడికి రాయడం రాకపోతే, అక్షరం అక్షరం పలికి రాయించిందట. ‘పగ్దిలావ్. సరిగ్గా రాశాడో లేదో అద్దంలోంచి చూశానే’ అంది. అప్పుడు నవ్వడం ఆపింది. అప్పుడు ఏడ్చింది."

బెర్తా కుండ అంచు పట్టుకుంది.

"‘ఇంటికెళ్ళి ఏం చెప్పనే’ అంది. ‘పదకొండేళ్ళు ఆయన గీత వెనక నిలబడ్డాడు. ఆయన పేరు వల్లే పోయిందని తెలిస్తే బతకడే. తనని తను నరుక్కుంటాడు’ అంది. నేనన్నాను, నా మీద పెట్టు. సంతకం పెట్టలేదని చెప్పు. నేను సముద్రం అవతల ఉన్నా, బావ తిట్లు అంత దూరం రావు అన్నాను." బెర్తా మొహం మీది తడి మోచేత్తో తుడుచుకుంది. మొహం మీద బూడిద మరక పడింది. "వచ్చాయి బావా. అన్నీ వచ్చాయి."

బల్దొమేరో తల ఎత్తలేదు.

"పెట్టె," అన్నాడు.

ఒక్క మాటే అన్నాడు. బెర్తాకి అర్థమైంది. అర్థం కానట్టు ఉండిపోదామనుకుంది, ఆమె వల్ల కాలేదు.

"మందుల పెట్టెనా."

ఫెలీసా కాళ్ళు వాచిన ఏడు హవాయి నుంచి పెద్ద అట్టపెట్టె వచ్చింది. పైన బెర్తా పేరు చూసి బల్దొమేరో తెరవలేదు. వచ్చింది వచ్చినట్టే తిప్పి పంపాడు. ‘ఈ ఇంట్లో ఎవరూ లేరు’ అని బొగ్గుతో రాశాడు. కట్టడానికి తాడు కావలసొచ్చింది. ఫెలీసా వాచిన కాళ్ళతో వంటింట్లోకి నడిచి, గూట్లోంచి తాడు తెచ్చి ఇచ్చింది. ముడి వేస్తుంటే వేలు అడ్డం పెట్టింది, ముడి జారకుండా.

"అవి వాడి ఉంటే?" అన్నాడు.

"బావా, ఇప్పుడు..."

"నర్సువి కదా. చెప్పు."

"కొన్నాళ్ళు," అంది బెర్తా. "బతికేసేది కాదు. కొన్నాళ్ళు ఉండేది."

బసిలిసా పెద్దమ్మ చుట్ట నీళ్ళలోకి విసిరేసింది. "చాల్లేవే, ఇంక ఆపు. ఒరేయ్, తల వంచు. నీళ్ళు పోయిద్దాం. ఏడుపుంటే దాంట్లోనే పోతుంది."

బల్దొమేరో లేచాడు. తల వంచలేదు. కుండ పక్కనుంచి నడిచి గట్టెక్కాడు. చొక్కా చేతికి కుట్టిన నల్లగుడ్డ అలాగే ఉంది. వెనక ఎవరొస్తున్నారో చూడకుండా సమాధుల తోట దారి పట్టాడు.

*

రాయి అప్పటికే అక్కడికి చేరింది. తాపీ మేస్త్రీ ఇస్కో సున్నం, ఇసుక కలిపి సిద్ధంగా ఉన్నాడు. నిన్నటి గొడవ అతనికి తెలుసు. బల్దొమేరో రావడం చూసి గట్టిగా గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, నాకేం తెలీదు. నర్సమ్మ పెట్టమంది. వద్దంటే బండెక్కించేస్తా. లేదూ నీ పేరు చెక్కమన్నావనుకో, చెక్కేస్తా. ఆఫీసువాళ్ళకి నేనేదో చెప్పుకుంటాలే. సున్నం ఎండిపోతోంది, ఏదో ఒకటి తేల్చు."

బెర్తా, మేలిన్ వచ్చి వెనక నిలబడ్డారు. దారి పొడుగునా పరిగెత్తినట్టున్నారు.

"చెక్కమను బావా," అంది బెర్తా రొప్పుతూ. "మదంబా పక్కన పగ్దిలావ్ అని చెక్కమను. నాన్నకి నేను సర్దిచెప్తా. అది తన నోటితో చెప్పుకున్న పేరు. రాయి మీద ఉంటే తప్పేముంది?"

బల్దొమేరో రాయి ముందు గొంతుక్కూచున్నాడు. అక్షరాల మీద అరచెయ్యి పెట్టాడు. లవాగ్‌వాళ్ళ పని బాగుంది, లోతుగా, అంచు విరగకుండా చెక్కారు. రాత్రంతా తన పేరు కావాలని కొట్లాడిన మనిషి. ఇప్పుడు ఆ పేరు తీసుకెళ్ళి ఆమె మీద పెట్టాలంటే చెయ్యి రాలేదు. ఒకసారి మోసింది. మోసి, దాని కిందే పోయింది.

"ఇస్కో, ఆ చివర పట్టు," అన్నాడు.

"చెక్కాలా?"

"తిప్పు."

"తిప్పడం ఏంటన్నా?"

"అక్షరాలు కిందికి. సున్నంలోకి."

ఇస్కో బెర్తాకేసి చూశాడు. బల్దొమేరో తన వైపు పట్టి ఎత్తాడు. ఒక్కడి వల్ల అయ్యే బరువు కాదు. రాయి జారి అతని బొటనవేలి మీద పడబోతే ఇస్కో తిట్టుకుంటూ వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బోర్లించారు. పాలరాయి నున్నటి వైపు సున్నంలోకి పోయింది. పైన మిగిలింది రంపం కోసిన గరుకు వీపు. ఏ పేరూ లేదు.

"నాన్న ఫోటో అడిగాడు బావా," అంది బెర్తా చిన్నగా. "నేనేం చూపించను?"

"ఇదే చూపించు. కూతురు అటు తిరిగి పడుకుంది అని చెప్పు."

బెర్తా నేల మీద కూచుని మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. ఆమె ఏడుపు ఫెలీసా ఏడుపులా ఉంది. దగ్గు వచ్చినట్టు, ఆగి ఆగి. బల్దొమేరో తాపీ తీసుకుని రాయి చుట్టూ పొంగిన సున్నం గీకడం మొదలుపెట్టాడు. ఆమెను క్షమించమని అడగలేదు. తనను క్షమించిందో లేదో కూడా అడగలేదు. అడిగే మనిషి కాదు.

మేలిన్ ఎదురుగా వచ్చి కూచుంది.

"నాన్నా. సోమవారం."

అతను గీకుతున్నాడు.

"సోమవారం మున్సిపల్ ఆఫీసుకి వస్తానన్నావు. రాయి పని అయ్యాక చూద్దామన్నావు. అయింది కదా." మేలిన్ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పుట్టిన కాగితంలో నేను మదంబా. బడి కాగితాల్లో పగ్దిలావ్. నర్సు పరీక్ష కాగితంలోనూ పగ్దిలావే. ఆ ఇద్దరూ ఒక్క మనిషే అని నువ్వు వచ్చి చెప్పకపోతే గురువారం నన్ను కిటికీ దగ్గర్నుంచే తిప్పి పంపేస్తారు."

బడిలో ఆ పేరు చెప్పింది అతనే. చేర్పించడానికి వెళ్ళినప్పుడు పిల్ల ఇంటిపేరేమిటని పంతులమ్మ అడిగితే, పగ్దిలావ్ అన్నాడు. పుట్టిన కాగితం తరవాత తెస్తానన్నాడు, తేలేదు. ఎక్కడో ఒకచోట ఉండాలనిపించింది. గేదె కాకుండా ఇంకెవరో ఒకరు ఆ పేరు మొయ్యాలనిపించింది. తండ్రి ముచ్చటపడి తీర్చుకున్న చిన్న సరదా అది. ఇప్పుడు పిల్ల దారికి అడ్డం పడింది.

"ఎక్కువ అడగరు నాన్నా. కుడిచెయ్యి ఎత్తమంటారు. ఫెలీసా మదంబా నీకేమవుతుంది అంటారు. ఒక్క మాట. ఇవాళ్టిదాకా ఏం చెప్తావా అని నాకే భయంగా ఉండేది. ఇప్పుడు తెలిసింది కదా. ఉన్నదే చెప్పు. ఇప్పుడు చెప్తే అమ్మకి పోయేదేం లేదు."

"పని రాశి కూడా ఎప్పుడూ నిండుగా ఉండదు బావా," అంది బెర్తా తల ఎత్తి. "వచ్చే నెల తేదీ వెనక్కి పోతుందంటున్నారు. పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. ఆసుపత్రివాళ్ళు అన్నేళ్ళు ఆగరు. నువ్వు నోరు తెరవకపోతే దీని వరసా పోయినట్టే."

బల్దొమేరో తాపీ ఆపాడు. పెళ్ళయిందా అని ఇంట్లో ఎన్నిసార్లు అడిగాడో అన్నిసార్లూ లేదంది. అడగాల్సినవాడు అడిగినప్పుడు అయిందంది. ఇప్పుడు అదే ప్రశ్న, అదే ఎత్తిన చెయ్యి, తన ముందుకి వచ్చింది. జవాబు తెలుసు. పిల్ల ఆశగా తన నోటికేసి చూస్తోందనీ తెలుసు. గొంతులో ఆ మాట కోసం వెతికితే, వాచిన కాళ్ళతో తాడు పట్టుకుని ఎవరో నడిచొస్తున్నారు. ఆ పెట్టె తిప్పి పంపినవాడు ఏ నోటితో మొగుణ్ణంటాడు.

"అమ్మ చెప్పింది కదా నాన్నా," అంది మేలిన్. "పరాయి ఊళ్ళో, పరాయివాడి ముందు, ఒక్కత్తే నిలబడి చెప్పింది. నువ్వు మన ఊళ్ళో చెప్పలేవా?"

అతను లేచి నిలబడ్డాడు. మోకాళ్ళకు అంటిన సున్నం దులుపుకోలేదు. చొక్కా చేతి మీది నల్లగుడ్డ ఊడిపోతుంటే మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టుకున్నాడు.

"ఈ సంగతి నా నోట ఇంకెప్పుడూ రాదు," అన్నాడు. "మీ దగ్గర రాదు, ఆఫీసులో రాదు, దేవుడి దగ్గరా రాదు. ఇంకోసారి నన్ను అడక్కండి."